సంతకం లేని బొమ్మ: చేతిని గుర్తుపట్టే విద్య

ధర్మవరం పేరు చెబితే పట్టుచీర గుర్తొస్తుంది. ఆ మండలంలోనే ఉన్న నిమ్మలకుంట మాత్రం తోలుబొమ్మలకు పేరు పడింది. మేకతోలు మీద రామాయణ, భారత పాత్రలను గీసి, ఉలితో చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగులు వేసి, తెర వెనక ఆడించిన కుటుంబాలు ఆ ఊళ్లో ఇప్పటికీ ఆ పనిలోనే ఉన్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇంత పేరున్నా, ఒక బొమ్మను చేతికిచ్చి “ఇది ఎవరి పని? ఆ మనిషి తొలిరోజుల్లో చేసిందా, చెయ్యి తిరిగాక చేసిందా?” అని అడిగితే జవాబు చెప్పగలిగిన కొనుగోలుదారులు అరుదు. చాలామంది రంగు చూస్తారు, సైజు చూస్తారు, ధర అడుగుతారు, నచ్చితే గోడకు తగిలిస్తారు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే అది కొనడం వరకే. సేకరణ అనేది పై రెండు ప్రశ్నలతో మొదలవుతుంది.

ఆ ప్రశ్నలకు జవాబు వెతికే పద్ధతి తోలుబొమ్మకే పరిమితం కాదు. చేత్తో చేసిన మడతకత్తికీ, మగ్గం మీద నేసిన చీరకూ, ఇత్తడి దీపపు సెమ్మెకూ అదే వర్తిస్తుంది. నిదానంగా చూడటం, చూసింది గుర్తుంచుకోవడం, పక్కపక్కన పెట్టి పోల్చడం, రుజువున్నంత వరకే మాట్లాడటం: ఈ నాలుగు అలవాట్లూ ఒక వస్తువు దగ్గర అబ్బితే మనిషి మిగతా పనుల్లోనూ కుదురుగా ఆలోచిస్తాడు. అందుకే వ్యక్తిత్వ వికాసం గురించి రాసే పుస్తకంలో ఈ అధ్యాయానికి చోటు దొరికింది.

బెంగళూరు నుంచి గుంతకల్లు వైపు వెళ్లే రైలు మార్గంలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వరసగా వస్తాయి. ఒకప్పటి అనంతపురం జిల్లాలోనివి. 2022 ఏప్రిల్ నుంచి మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. చేతిపనిని చదవడం నేర్చుకోవాలనుకునే వాళ్లకు ఈ దారి కంటే మంచి బడి దొరకడం కష్టం.

తేడాలే చిరునామా

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. ఒకే మోడల్ కార్లు రెండు పక్కపక్కన నిలిపితే వాటి మధ్య తేడా ఉండకూడదు, ఉంటే లోపమే. ఏ కారు ఎప్పుడు బయటికి వచ్చిందో దాని చాసిస్ నంబరును బట్టి తెలిసిపోతుంది.

నిమ్మలకుంట బొమ్మకు నంబరు లేదు. పాత బొమ్మ అయితే సంతకం కూడా ఉండదు. ఆటకోసం చేసిన బొమ్మ మీద పేరు రాసుకోవాలన్న ఆలోచన ఆ కుటుంబాలకు ఉండేది కాదు, ఎందుకంటే అది అమ్మకానికి చేసింది కాదు, ఇంటి పెట్టెలో ఉండేది. పైగా ఒక బొమ్మ మీద ఇద్దరు ముగ్గురు పనిచేస్తారు. ఒకరు గీస్తారు, ఒకరు చిల్లులు కొడతారు, ఇంకొకరు రంగు వేస్తారు. కాబట్టి ఇక్కడ సేకర్త వెతికే ‘చెయ్యి’ చాలాసార్లు ఒక ఇంటి చెయ్యి. దాన్ని పట్టించేవి బొమ్మకూ బొమ్మకూ ఉన్న చిన్న తేడాలే.

ముందు ప్రాంతం, తర్వాత ఇల్లు, ఆ తర్వాత మనిషి

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు తొందరపడేది ఇక్కడే. బొమ్మ చూడగానే ఫలానా వారిదని పేరు చెప్పేస్తారు. క్రమం అది కాదు.

మొదట తేలాల్సింది ప్రాంతం. దక్షిణాదిలో, ఒడిశాలో తోలుబొమ్మలు ఒక్క తీరున ఉండవు. ఒడిశాలోని రావణఛాయ బొమ్మలు చిన్నవి, రంగు ఉండదు, కీళ్లు ఉండవు. కేరళలో కంబ రామాయణాన్ని ఆడే తోల్‌పావకూత్తు బొమ్మల నీడ నల్లగా పడుతుంది. తెలుగు బొమ్మలు నిలువెత్తుగా, నాలుగైదు అడుగులకు తగ్గకుండా ఉంటాయి, ఆపైన కూడా పోతాయి. తోలును పలచగా గీకడం వల్ల దీపం వెలుగు లోపలినుంచి దూరి ఎరుపు, ఆకుపచ్చ, పసుపు తెర మీద పరుచుకుంటాయి. తలకు, భుజాలకు, మోచేతులకు, మోకాళ్లకు విడివిడిగా ముక్కలు కోసి దారంతో ముడివేస్తారు. నర్తకి బొమ్మకైతే కీళ్లు ఇంకా ఎక్కువ.

కర్ణాటక సరిహద్దు దాటితే తొగలు గొంబెయాట కనిపిస్తుంది. కొప్పళ జిల్లాకు చెందిన భీమవ్వ దొడ్డబాళప్ప శిళ్లేక్యాతరకు 2025లో పద్మశ్రీ వచ్చింది ఆ కళకే. నిమ్మలకుంట కళాకారుల ఇళ్లలో మరాఠీకి దగ్గరగా ఉండే ఆరె మాట వినిపిస్తుంది, తెర మీద కథ మాత్రం తెలుగు. ఊరు విడిచి ఊరు తిరిగిన ఈ కుటుంబాల శైలులు ఒకదానిలో ఒకటి కలిసి ఉంటాయి. హిందూపురం లాంటి సరిహద్దు ప్రాంతంలో దొరికిన బొమ్మకు రాష్ట్రం పేరు తగిలించేముందు ఈ సంగతి గుర్తుండాలి.

ప్రాంతం తేలాక ఇంటి వంతు. ఒక ఇంట్లో తరాల తరబడి దాచిన నమూనాలు ఉంటాయి. పాత బొమ్మ అరిగిపోతే దాన్ని చూసే కొత్తది గీస్తారు. కిరీటం ఎత్తు, కంటి కొస ఎక్కడ ఆగుతుంది, నడుము పట్టీలో ఎన్ని వరుసలు, పంచె కుచ్చిళ్లను గీతతో చూపారా, చిల్లులతో చూపారా: ఇవి ఇంటి గుర్తులు. వీటిని దాటాకే ఒక మనిషి చెయ్యి బయటపడుతుంది.

తెలిసిన తేదీ నుంచి వెనక్కి

ఒక కళాకారుడి తొలి శైలిని పట్టుకోవడంలో ప్రపంచమంతా పాటించే సూత్రం ఒకటే. తేదీ కచ్చితంగా తెలిసిన పనితో మొదలుపెట్టి, అక్కణ్నుంచి వెనక్కి నడవాలి.

ఈ విషయంలో అమెరికాలోని కత్తుల సేకర్తలు చేసిన పని గమనించదగ్గది. బాబ్ లవ్‌లెస్ అనే ఓడ ఉద్యోగి 1950ల మొదట్లో న్యూయార్క్‌లోని ఒక పెద్ద దుకాణంలో రాండల్ అనే తయారీదారు చేసిన కత్తి కొనబోయాడు. నెలల తరబడి ఆగాలన్నారు. తనే ఒకటి చేసుకున్నాడు. అదే దుకాణం తర్వాత అతని కత్తులను అమ్మింది. తొలినాళ్ల కత్తుల మీద ‘డెలావేర్ మెయిడ్’ అన్న ముద్ర ఉంటుంది. కాలిఫోర్నియా వెళ్లాక లాన్‌డేల్ పేరు, ఆ తర్వాత రివర్‌సైడ్ పేరు ముద్రలోకి వచ్చాయి. ఊరు మారిన ప్రతిసారీ ముద్ర మారింది. ముద్రల వరుస తెలిసినవాళ్లకు కాలం వరుస దొరికినట్టే. ఆ వరుసలో కత్తులను పేర్చి చూస్తే పిడి వంపు, బ్లేడు సానపట్టిన తీరు ఎలా మారుతూ వచ్చాయో కనిపిస్తుంది. ముద్ర చెరిగిపోయిన కత్తి ఎదురైనా ఆ వరుసలో ఎక్కడ కూర్చుంటుందో అంచనా వేయొచ్చు.

మడతకత్తుల విషయంలో ఆధారం ఇంకో చోట ఉంటుంది. 1980ల్లో మైకేల్ వాకర్ అనే కత్తుల తయారీదారు లైనర్ లాక్ అనే అమరికను మెరుగుపరిచి ప్రచారంలోకి తెచ్చాడు. బ్లేడు తెరుచుకోగానే పిడి లోపలి లోహపు పట్టీ పక్కకు జరిగి దాని మొదలుకు అడ్డుపడుతుంది, వేలితో నెడితే తప్ప బ్లేడు ముడుచుకోదు. పైపై నగిషీని ఎవరైనా అనుకరించగలరు. లోపలి పట్టీ ఎంత మందం, ఎక్కడ వంచారు, ఎలా కూర్చుంటోంది అన్నది అనుకరించడం కష్టం. నైపుణ్యం కంటికి ఆనని చోట ఉంటుందని ఆ సేకర్తలకు తెలుసు.

తోలుబొమ్మకు ముద్ర లేకపోయినా తేదీ తెలిసిన పనులు లేకపోలేదు. పోటీకి పంపినవి, ప్రదర్శనలో పెట్టినవి, మ్యూజియం రిజిస్టరులో కొన్న సంవత్సరంతో నమోదైనవి, పాత ఫొటోల్లో వెనక తెర మీద కనిపించేవి: ఇవన్నీ కొండగుర్తులు. మొదలి నాగభూషణశర్మ తోలుబొమ్మలాట మీద రాసిన పుస్తకాన్ని సంగీత నాటక అకాడమీ 1985లో వేసింది. అంతకు ముందు ఏడాదే అమెరికన్ పరిశోధకుడు జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఇదే ఆట మీద సిద్ధాంత వ్యాసం సమర్పించారు. అలాంటి రచనల్లో అచ్చయిన బొమ్మ ఆ తేదీకి ముందే ఉంది. ఆ ఒక్క నిజం పట్టుకుని చాలా దూరం వెళ్లొచ్చు.

వెలుతురుకు ఎదురుగా

బొమ్మను నేల మీద పరిచి చూడటం సరిపోదు. కిటికీ దగ్గర వెలుతురుకు ఎదురుగా పట్టాలి. ఉదాహరణకు హనుమంతుడి బొమ్మ. మొదట కంటికి తగిలేది రంగు. రంగును కాసేపు పక్కనపెట్టి మెడలోని హారాన్ని చూడాలి. హారం అంటే ఇక్కడ గీత కాదు, చిల్లుల వరుస. గుండ్రని చిల్లు, పక్కన నెలవంక, మళ్లీ గుండ్రని చిల్లు. చెయ్యి తిరిగిన పనివాడి వరుస భుజం దగ్గర మొదలై రెండో భుజం దాకా ఒకే ఎడంతో సాగుతుంది. కొత్త చెయ్యి ఎడం ముందే లెక్క కట్టుకోదు. మొదట్లో దూరం దూరంగా కొట్టి, చివరికి వచ్చేసరికి చోటు చాలక చిల్లులను ఇరికిస్తుంది. ఆ ఇరుకు ఎక్కడుందో వెతికితే తొలినాళ్ల పని తరచుగా అక్కడే దొరికిపోతుంది.

తర్వాత చిల్లు అంచు. పదునున్న ఉలి ఒక్క దెబ్బకు దిగితే అంచు శుభ్రంగా ఉంటుంది. మొద్దుబారిన ఉలి, తడబడిన దెబ్బ అంచున తోలు పీచు మిగులుస్తాయి. ఉలి పదును పెట్టించిన కొద్దీ మొన కొలత కాస్త మారుతుంది. ఒకే ఇంటి రెండు బొమ్మల్లో నెలవంక చిల్లుల కొలత సరిపోలితే అవి దగ్గర దగ్గర కాలానివి కావొచ్చు. ఇది రుజువు కాదు, ఆనవాలు. నోటుబుక్కులో అలాగే రాసుకోవాలి.

బొమ్మను తిప్పి రెండో వైపు చూడాలి. రెండు వైపులా గీత మీద గీత పడిందా, పక్కకు జరిగిందా? కీలు దగ్గర ముడి ఎలా వేశారు? నడిమధ్య కట్టిన చీల్చిన వెదురు బద్ద చేతి పట్టుకు నునుపు తేలిందా? ఆముదపు దీపాల కాలంలో ఆడిన బొమ్మకు మసి, జిడ్డు పడతాయి. భుజం దగ్గర చిరిగితే కుట్టు వేసి మళ్లీ ఆడించి ఉంటారు. గోడకోసం చేసిన బొమ్మకు ఇవేవీ ఉండవు. అది తక్కువదని కాదు, దాని కథ వేరు. ఆ తేడా చెప్పకుండా పాతదని అమ్మితే మాత్రం మోసం.

తొలి శైలి గురించి ఒక హెచ్చరిక. మొదటి రోజుల పని అంటే ముతకగా ఉంటుందని, చివరి రోజుల పని నాజూకుగా ఉంటుందని లెక్క వేయకూడదు. కుర్ర వయసులో పెద్దల మెప్పుకోసం ఖాళీ లేకుండా నగిషీ నింపేవాళ్లుంటారు. చెయ్యి కుదిరాక అదే మనిషి చిల్లులు తగ్గించి, ముఖం చుట్టూ తోలును ఖాళీగా వదిలేయొచ్చు. వయసు మీదపడి చూపు తగ్గితే గీత మళ్లీ లావు కావొచ్చు. వరుస కట్టేది పని, సిద్ధాంతం కాదు.

లేపాక్షిలో ఒక పూట

కంటికి సాధన కావాలంటే హిందూపురం నుంచి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షికి వెళ్లాలి. వీరభద్రాలయం మండపాల పైకప్పుల మీది చిత్రాలు విజయనగర కాలం నాటివి, అచ్యుతదేవరాయల పాలనలో (1529–1542) విరూపణ్ణ ఆధ్వర్యంలో సాగిన నిర్మాణానికి చెందినవి. పక్కకు తిరిగిన ముఖం, కొసతేలిన ముక్కు, పెద్ద కన్ను, ఎత్తయిన కుళ్లాయిలు, చీరల మీద చారలు, పూలు. వాటిని చూసి నిమ్మలకుంట బొమ్మను చూస్తే చుట్టరికం తెలుస్తుంది. కళా చరిత్రకారులు కూడా ఈ పోలికను ప్రస్తావించారు. లతా మంటపం స్తంభాల మీది డిజైన్లు ధర్మవరం చీరల అంచుల్లోకి వచ్చాయని నేతగాళ్లు చెబుతారు. రాష్ట్ర హస్తకళల సంస్థ తన దుకాణాలకు లేపాక్షి అనే పేరు పెట్టుకుంది.

సేకర్తకు అన్నిటికంటే పనికొచ్చేది అక్కడి కల్యాణ మంటపం. అది పూర్తి కాలేదు. పూర్తయిన శిల్పంలో ఉలి జాడ నునుపు కింద దాగిపోతుంది. ఆగిపోయిన పనిలో ముందు ఏది చెక్కారు, తర్వాత ఏది చెక్కాలనుకున్నారు అన్నది కనిపిస్తుంది. ఈ పాఠం నిమ్మలకుంటలోనూ పనికొస్తుంది. పూర్తయిన బొమ్మతో పాటు సగం పనిలో ఉన్న ఒక తోలు ముక్కను కూడా కళాకారుల్ని అడిగి, తగిన ధర ఇచ్చి తీసుకోవాలి. వెంట్రుక గీకి, సాగదీసి ఎండబెట్టి, గీత గీసి, సగం చిల్లులు కొట్టి ఆపిన ఆ ముక్క పది పూర్తి బొమ్మలు చెప్పనిది చెబుతుంది.

తిరుగు దారిలో పెనుకొండ. 1565 యుద్ధం తర్వాత విజయనగర పాలకులకు రాజధాని అయిన ఊరు. అక్కడి గగన మహల్‌లో ఇస్లామీ శైలి కమానుల పైన గుడి గోపురాన్ని తలపించే బురుజు ఉంటుంది. ఒక శైలిలోకి మరో శైలి వచ్చి చేరడం కాలాన్ని పట్టించే గట్టి ఆధారం. తోలుబొమ్మల్లో కూడా అంతే. చెట్టు, ఆకుల రంగుల స్థానంలో బజారు రంగులు ఎప్పుడు వచ్చాయి, క్యాలెండరు బొమ్మల్లోని దేవుడి ముఖం ఏ బొమ్మలో తొంగిచూస్తోంది అని గమనిస్తే ముందువెనకలు తేలతాయి.

కొనేముందు

పాత బొమ్మలు ఎందుకు అరుదో ముందు తెలియాలి. ఆటకు పనికిరానంతగా అరిగిన బొమ్మను పారేయకుండా నీళ్లలో కలిపే ఆచారం ఈ కుటుంబాల్లో ఉంది. దేవుడి బొమ్మ వాళ్లకు దేవుడితో సమానం. అందుకే వందేళ్ల నాటిదంటూ ఎవరైనా బొమ్మ చూపితే తొందరపడకూడదు.

చట్టం కూడా తెలియాలి. పూర్వం కొన్ని పాత్రలకు జింక తోలు వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింక తోలు కొనడం, అమ్మడం నేరం. అదే ఏడాది వచ్చిన పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువును సొంతంగా విదేశాలకు తీసుకుపోకూడదు. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపాలనుకునే తల్లిదండ్రులకు ఇది ముఖ్యం. ఇప్పటి మేకతోలు పనికి ఈ చిక్కులు లేవు.

ఆట పెట్టె నుంచి ఒక్క బొమ్మను విడదీసి అడగకూడదు. పెళ్లినాటి రాముడు, అడవిలో రాముడు, యుద్ధంలో రాముడు వేరువేరు బొమ్మలు. ఒకే చేతి పనిగా వరుస కట్టడానికి ఆ పెట్టే ఆధారం. ఒకటి పోతే మిగతావాటి కథ తెగిపోతుంది. సేకర్త కొనాల్సింది కొత్తగా చేయించుకున్న బొమ్మ. చేసేవారిని అడిగి బొమ్మ వెనక పేరు, సంవత్సరం రాయించుకోవాలి. ఎవరు గీశారు, ఎవరు చిల్లులు కొట్టారు, ఎవరు రంగు వేశారు అన్న మూడు పేర్లూ రాయిస్తే ఇంకా మంచిది. ఇళ్లలో ఆడవాళ్ల చెయ్యి పడిన పనికి మగవాళ్ల పేరొక్కటే మిగలడం ఇలాగైనా తగ్గుతుంది. ధర దగ్గర బేరం చేసేముందు తోలు నానబెట్టిన రోజు నుంచి ముడి వేసే రోజు దాకా పట్టిన పనిని ఒకసారి తలచుకోవాలి.

ఇంటికి తెచ్చాక

తోలు గాలిలోని తేమను పీల్చుకుని ముడుచుకుంటుంది. చుట్టి పెట్టకూడదు. శుభ్రమైన నూలుగుడ్డల మధ్య బల్లపరుపుగా, పొడి చోట దాచాలి. ఎండ నేరుగా పడితే రంగు వెలుస్తుంది. లామినేషన్ చేయిస్తే తోలు పాడైపోతుంది, మళ్లీ బాగుచేయడం కుదరదు. ఫ్రేము కట్టిస్తే అద్దం తోలుకు తగలకుండా ఎడం ఉంచమనాలి. బొమ్మ కాకుండా తోలుతో చేసిన దీపపు తొడుగు తెచ్చుకుంటే, అందులో వేడెక్కే పాత బల్బు కాకుండా ఎల్‌ఈడీ పెట్టాలి. వేడికి తోలు కుంచించుకుపోతుంది.

ప్రతి బొమ్మకూ నోటుబుక్కులో ఒక పేజీ కేటాయించాలి. పేజీకి మధ్యలో గీత గీసి, ఎడమవైపు కచ్చితంగా తెలిసినవి: కొన్న తేదీ, ఊరు, చెప్పినవారి పేరు, ఎత్తు, చిల్లుల కొలత, ముందు వెనక ఫొటోలు. కుడివైపు ఊహలు: ఇది ఎవరి చెయ్యి అనిపిస్తోంది, ఎందుకు అనిపిస్తోంది. కుడివైపు మాట ఎడమవైపుకు మారాలంటే కొత్త ఆధారం దొరకాలి. అప్పటిదాకా ఎంత గట్టిగా అనిపించినా అక్కడే ఉండాలి. మంచి సేకర్తల పుస్తకాల్లో కుడివైపే ఎక్కువ నిండి ఉంటుంది, దానికి సిగ్గుపడాల్సిన పనిలేదు.

ఈ అధ్యాయం చదివినవాళ్లు వచ్చే సెలవు రోజున ధర్మవరం రైలెక్కండి. నిమ్మలకుంట వెళ్లండి. మొదటి రోజు ఏమీ కొనకండి. పని జరుగుతుంటే పక్కన కూర్చుని, అనుమతి అడిగి, ఉలి ఎలా దిగుతోందో చూడండి. ఆ ఇంటి పెద్దల తొలి బొమ్మ ఏదో, అది ఇప్పుడెక్కడుందో అడిగి రాసుకోండి. ఆ జవాబులు తెలిసినవాళ్లు ఇవాళ మన మధ్య ఉన్నారు. వాళ్లుండగానే అడగాలి.